బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు తెర మీద పై పెట్టె మార్చి చూడండి

బెంగళూరులో స్పేర్ పార్ట్స్, హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ షాపులు నడుపుతున్న మనవాళ్ళకి ఒక హెచ్చరిక. షాపు కంప్యూటర్‌లో వేసుకునే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనబోతుంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను 38,000కి బేరం కుదుర్చుకుని ఆరు నెలలుగా అవస్థ పడుతున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇదే లోపం ఇంకో పేరుతో కూడా మీ షాపుకి రావచ్చు, కాబట్టి లోపాన్ని గుర్తుపట్టడమే మీకు పనికొస్తుంది.

మాది జేసీ రోడ్డులో కార్ల స్పేర్ పార్ట్స్ షాపు. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, "స్విఫ్ట్ బ్రేక్ ప్యాడ్ ఇవ్వు" అంటే చాలదు. 2005లో వచ్చిన స్విఫ్ట్ వేరు, 2011లో వచ్చింది వేరు, 2018ది వేరు, 2024ది వేరు. అందుకే తెర మీద కంపెనీ, మోడల్, ఏడాది, పార్ట్ అని నాలుగు డ్రాప్‌డౌన్లు, అంటే నొక్కితే జాబితా తెరుచుకునే పెట్టెలు కావాలి. పైదాంట్లో ఏది ఎంచుకుంటే కిందిదాంట్లో దానికి సంబంధించినవే కనపడాలి. నేను అడిగిందీ ఇదే. డెమోకి వచ్చిన అబ్బాయి మారుతి నొక్కాడు, ఆల్టో, స్విఫ్ట్, వేగనార్ వచ్చాయి. హ్యుందాయ్ నొక్కాడు, ఐ10, ఐ20, క్రెటా వచ్చాయి. పైగా మాట మన చిత్తూరు మాట. ఇంకేం చూస్తాం, అడ్వాన్స్ చేతిలో పెట్టేశాను.

రెండు వారాలకి కియా సరుకు దించాను. మన పెనుకొండలో తయారయ్యే బండ్లు, వాటి పార్ట్స్ పెట్టకపోతే ఎలా? కంపెనీల జాబితాలో కియా చేర్చాను, దాని కింద సెల్టోస్, సోనెట్ ఎక్కించాను. బిల్లు తెరలో కియా నొక్కితే మోడల్ పెట్టె ఖాళీ. ఫోన్ చేస్తే "అది కస్టమైజేషన్ సార్, ఒక్కో కంపెనీకి 2,500 అవుతుంది" అన్నాడు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా మేనల్లుడు ఆదివారం వచ్చి చూసి నవ్వాడు. "మామా, డెమోలో చూపించిన మోడళ్ళని ప్రోగ్రాంలోనే రాసిపెట్టేశారు. నువ్వు ఎక్కించిన డేటాని అది చదవడమే లేదు" అన్నాడు. సరిగ్గా చేస్తే మోడళ్ళ టేబుల్‌లో ప్రతి మోడల్ పక్కన దాని కంపెనీ నంబరు ఉంటుందట. కంపెనీ ఎంచుకోగానే ఆ నంబరున్న మోడళ్ళని మాత్రమే తెచ్చుకుంటుందట. అలా ఉంటే కొత్త కంపెనీ చేర్చడానికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

దీన్నయినా ఓర్చుకోవచ్చు, తప్పు కళ్ళ ముందు కనపడుతుంది కాబట్టి. అసలు దెబ్బ కనపడని తప్పు కొట్టింది. అనంతపురం మెకానిక్ ఒకాయన ఫోన్లో ఆర్డర్ చెబుతున్నాడు. మా కుర్రాడు మారుతి, స్విఫ్ట్, ఏడాది, ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్ సెట్ దాకా నొక్కేశాక ఆయన "కాదన్నా, ఐ20ది" అన్నాడు. కుర్రాడు పైకెళ్ళి కంపెనీ, మోడల్, ఏడాది మార్చాడు. పార్ట్ పెట్టెలో "ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్ సెట్" అలాగే ఉంది. పేరు రెండు బండ్లకీ ఒకటే, ఎవరికి అనుమానం వస్తుంది? లోపల మాత్రం స్విఫ్ట్ పార్ట్ నంబరే మిగిలిపోయింది. పార్సిల్ బస్సులో వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. మూడు ట్రిప్పుల ఛార్జీలూ నా నెత్తినే. పాపం ఆ కస్టమర్ కారు రెండు రోజులు చక్రాలు లేకుండా షెడ్లోనే ఉంది. పై పెట్టె మారగానే కింద పెట్టెలన్నీ ఖాళీ అయిపోవాలి. ఇంత చిన్న పని చేయలేదు వాళ్ళు.

ఒకే బిల్లులో రెండు కంపెనీల పార్ట్స్ వేస్తే ఇంకో తమాషా. రెండో వరసలో హ్యుందాయ్ నొక్కగానే మొదటి వరసలో స్విఫ్ట్ మాయం! డేటా పోదు, అన్ని వరసలకీ ఒకే జాబితా వాడటం వల్ల కనపడదు, అంతే. కానీ ఆ సంగతి మా కుర్రాడికి ఏం తెలుసు? పోయిందనుకుని మళ్ళీ వేసేవాడు, రెండుసార్లు బిల్లయ్యేది.

కస్టమర్ అడ్రసులో రాష్ట్రం, ఊరు పెట్టెలకైతే ఆ రాష్ట్రం ఊళ్ళే చూపించే ఫిల్టరే లేదు. కర్ణాటక కింద హోసూరు ఎంచుకున్నా నోరెత్తకుండా సేవ్ చేసుకుంది. ఆ కస్టమర్ జీఎస్టీ నంబరు 33తో మొదలవుతుంది, అంటే తమిళనాడు. వేరే రాష్ట్రానికి అమ్మినప్పటి ఐజీఎస్టీ వేయాల్సిన బిల్లుకి, సొంత రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడ్డాయి. మా ఆడిటర్ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

కాబట్టి డెమోని వాళ్ళ డేటాతో చూడకండి. మీ సరుకులోంచి ఓ యాభై ఐటమ్‌లు పట్టుకెళ్ళి, కొత్త కంపెనీ ఒకటి మీ చేత్తోనే చేర్చండి. చివరి పెట్టె దాకా నింపి, పైదాన్ని మార్చి, కిందివి ఖాళీ అవుతున్నాయో లేదో చూడండి. రెండు వరసలకి రెండు కంపెనీలు వేయండి. ఒక ఐటమ్‌ని ఇక అమ్మడం లేదని ఆపేసి, అది ఉన్న పాత బిల్లు తెరవండి. కొత్త బిల్లు జాబితాలో అది రాకూడదు, పాత బిల్లులో పేరు పోకూడదు. జాబితాలో లేని పేరు టైప్ చేసి సేవ్ నొక్కండి, ఒప్పుకుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"ఇదంతా ఎందుకు, ఎక్సెల్‌లో చేసుకుంటా" అన్నాడు పక్క షాపాయన. డేటా వ్యాలిడేషన్ (గడిలో ఏవి రాయొచ్చో కట్టడి చేసేది), ఇండైరెక్ట్ ఫార్ములాతో ఇలాంటి జాబితాలు వస్తాయి, నిజమే. కానీ అక్కడ కూడా మొదటి గడి మారిస్తే రెండో గడిలో పాతది అలాగే ఉండిపోతుంది, దానంతటది చెరగదు. తప్పుగా ఉన్న గడుల చుట్టూ ఎర్ర సున్నాలు గీసే ఆప్షన్ డేటా వ్యాలిడేషన్ మెనూలోనే ఉంది, రోజూ సాయంత్రం అది నొక్కి చూసుకోమన్నాను.

నేను 9,000 బాకీ ఆపి, ఈ లోపాలన్నీ రాసి పంపాను. కియా సంగతి ఉచితంగా సరిచేశారు. మిగతావి "వచ్చే వెర్షన్‌లో" అంటున్నారు. అది వచ్చేదాకా మా కుర్రాడు, కస్టమర్ మాట మారిస్తే చాలు, ఆ వరస మొత్తం తీసేసి మొదటి నుంచి కొడుతున్నాడు.