డ్రిప్ కాఫీ మేకర్: కప్పులు కాదు, వాట్లు చూసి కొనండి

డబ్బా మీద ‘6 కప్పులు’ అని ఉంటే ఇంట్లో ఆరుగురికీ సరిపోతుందనుకుంటాం. ఆ కప్పు కంపెనీ కప్పు. ఒకరిది 100 మి.లీ., ఇంకొకరిది 125, మరొకరిది 150. అందుకే మన విశాఖపట్నంలో ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో షాపులో మెషీన్ చేతికి తీసుకున్నప్పుడు కప్పుల బొమ్మ వదిలేసి, ట్యాంకులో ఎన్ని మి.లీ. పడతాయో చూడండి. తర్వాత మెషీన్ తిరగేసి, అడుగున అతికించిన రేకు మీద వాట్లు ఎన్నో చదవండి. సగం సంగతి ఈ రెండంకెల్లోనే ఉంది.

మామూలు డ్రిప్ మెషీన్ లోపల మోటారు ఉండదు, పంపు ఉండదు. వేడి ప్లేటు కింద గుర్రపు నాడాలా వంచిన అల్యూమినియం గొట్టం, దానికి అంటుకుని హీటింగ్ ఎలిమెంట్, అంతే. ట్యాంకులోని నీళ్లు చిన్న వన్‌వే వాల్వు దాటి ఆ గొట్టంలోకి దిగుతాయి. అక్కడ మరిగి బుడగలు లేస్తాయి. వెనక్కి పోదామంటే వాల్వు మూసుకుంటుంది కాబట్టి బుడగలు నీటిని పైకి నెట్టి పొడి మీద పోస్తాయి. అదే ఎలిమెంటు జగ్గు కింద ప్లేటునీ కాలుస్తుంది. అంటే నీళ్ల వేడీ, పడే వేగమూ రెండూ వాట్ల చేతిలోనే ఉన్నాయి. పొడి మీద పడే నీళ్లు 92 నుంచి 96 డిగ్రీలు ఉండాలి, మొత్తం పని 4 నుంచి 8 నిమిషాల్లో తెమలాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన కుళాయి నీళ్లు 28 డిగ్రీలనుకుంటే, 600 మి.లీ.ని 94కి తేవడానికి సుమారు 166 కిలోజౌళ్లు కావాలి. 650 వాట్ల మెషీన్‌కి కాగితం మీద అది నాలుగుంపావు నిమిషాల పని. ఆవిరికీ ప్లేటుకీ పోయేది కలుపుకుంటే ఐదారు నిమిషాలు. బాగానే ఉంది. అదే 600 వాట్లతో లీటరు కాయాలంటే కాగితం మీదే ఏడున్నర నిమిషాలు దాటుతుంది, వంటింట్లో తొమ్మిదీ పదీ. పొడి అంతసేపు వేడినీళ్లలో నానితే రుచితో పాటు చేదూ వగరూ దిగుతాయి. గుర్తుపెట్టుకోడానికి తేలిక లెక్క: 100 మి.లీ.కి 100 వాట్లు. కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, మన దగ్గర నీళ్లు మొదలే వెచ్చగా ఉంటాయి కాబట్టి. లీటరుంపావు ట్యాంకు పెట్టి 650 వాట్లు ఇచ్చిన మెషీన్ మాత్రం ఎంత చవకైనా వద్దు.

వాట్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అమెరికా నుంచి పిల్లలు సూట్‌కేసులో తెచ్చిన మెషీన్లు ఈ ఊళ్లో చాలా ఇళ్లలో అటక మీద ఉంటాయి. అవి 120 వోల్టులవి. పిన్ను మార్చే అడాప్టరు పెట్టి మన 230 వోల్టుల ప్లగ్గులో గుచ్చితే 900 వాట్ల ఎలిమెంటు 3,300 వాట్లు లాగబోతుంది. అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే గొట్టమే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ 1,500 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) రకం నాలుగైదు కిలోలకు తక్కువ తూగదు, గట్టు మీద మెషీన్ కన్నా ఎక్కువ చోటు తింటుంది. ఆ డబ్బుకి ఇక్కడే ఒకటి కొనుక్కోవచ్చు. ఇక్కడి 1,000 వాట్ల మెషీన్ లాగేది 4.3 ఆంపియర్లే, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు.

షాపులో చూడాల్సిన రెండో చోటు మూత కింద. మూత ఎత్తి, నీళ్లు పడే చోట ఎన్ని రంధ్రాలున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే నీళ్లు పొడి మధ్యలో గుంట తవ్వుకుని పోతాయి, అంచుల్లో పొడి సగం పొడిగానే మిగులుతుంది. ఐదారు రంధ్రాలున్నది మేలు. ఉన్న మెషీన్ ఒంటి రంధ్రందైతే చిట్కా ఉంది: నీళ్లు పడడం మొదలైన అరనిమిషానికి స్విచ్ ఆపి, మూత తీసి, చెక్క చెంచాతో పొడి అంతా తడిసేలా రెండు తిప్పులు తిప్పి, ఇంకో అరనిమిషం ఆగి మళ్లీ వేయండి. కొత్తగా వేయించిన పొడి అయితే ఆ అరనిమిషంలో గాలి బుడగలు వదిలి ఉబ్బుతుంది, తర్వాత పడే నీళ్లు సమంగా దిగుతాయి.

పొడి వేసే బుట్ట అడుగున స్ప్రింగు మీద ఆడే చిన్న బొడిపె ఉంటుంది, అదే డ్రిప్ స్టాప్. జగ్గు మూత తగిలి పైకి నొక్కితేనే తెరుచుకుంటుంది. జగ్గు సరిగ్గా ఆనకపోయినా, మూత పెట్టకుండా జగ్గు దూర్చినా అది మూసుకునే ఉంటుంది. పైనుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి, రెండు నిమిషాల్లో పొడీ నీళ్లూ కలిసి గట్టంతా పారతాయి. ‘మెషీన్ లీకవుతోంది’ అని సర్వీస్ సెంటర్‌కి మోసుకుపోయే వాటిలో చాలావాటికి జబ్బు ఇదే. షాపులోనే జగ్గు పెట్టి తీసి, వేలితో బొడిపె నొక్కి చూడండి. గట్టిగా పట్టేస్తుంటే ఇంకో పీసు అడగండి.

జల్లెడ సంగతి. చవక రకాల్లో నైలాన్ జల్లెడ వస్తుంది, కడిగి వాడుకోవచ్చు, నలక కాస్త దిగుతుంది. పేపర్ ఫిల్టర్ పెడితే నలకా నూనే రెండూ ఆగుతాయి, కాఫీ తేటగా వస్తుంది. పాలు పోసుకునేవాళ్లకి ఆ నూనె ఉంటేనే నిండుగా ఉంటుంది. కాబట్టి పాల కాఫీకి జల్లెడ, బ్లాక్ కాఫీకి పేపరు. పేపరు కొనేముందు బుట్ట ఆకారం చూసుకోండి. గరాటులాంటి బుట్టకి 2 లేదా 4 నంబరు పేపరు, చదునైన బుట్టకి అంచు మడతల గిన్నె పేపరు. ఒకదానిది ఇంకోదానికి పెడితే నీటి బరువుకి వంగి పొడి పక్కనుంచి జారిపోతుంది. ఇవి కిరాణా కొట్లో దొరికే సరుకు కాదు, ఆన్‌లైన్లో కట్టగా తెప్పించుకోవాలి.

అసలు చిక్కు మెషీన్‌లో కాదు, మన అలవాటులో ఉంది. డ్రిప్ మెషీన్ పుట్టింది పాలు లేని కాఫీ కోసం. లీటరుకి 55 నుంచి 60 గ్రాముల పొడి అన్నది దాని కొలత. ఆ కాఫీలో సగానికి సగం పాలు పోస్తే మిగిలేది రంగు నీళ్లే. పుస్తకంలో ఉన్నట్టే చేసి ‘స్టీలు ఫిల్టర్ డికాక్షన్ ముందు ఇదెంత’ అని మూలన పడేసినవాళ్లు చాలామంది. పాల కాఫీకి కొలత మార్చాలి: 40 గ్రాముల పొడికి 350 మి.లీ. నీళ్లు. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి జగ్గులోకి 270 మి.లీ. దిగుతుంది. మనిషికి 70 మి.లీ. డికాక్షన్, అంతే కాచిన పాలు. విశాఖ డైరీ ఫుల్ క్రీమ్ లాంటి 6 శాతం వెన్న పాలైతే నలుగురికి నిండుగా వస్తుంది. 3 శాతం టోన్డ్ పాలకి డికాక్షన్ ఇంకో 10 మి.లీ. పెంచాలి, అప్పుడు అది ముగ్గురి కాఫీ. స్టీలు ఫిల్టర్ చిక్కదనం దీనికి రాదు, రాదంతే. ఆరు నిమిషాల్లో వేడివేడిగా రావడం దీని సుగుణం.

బుట్ట మూడింట రెండొంతులకి మించి పొడి వేయొద్దు, ఉబ్బడానికి చోటు కావాలి. రెండో డికాక్షన్ ఆశతో అదే పొడి మీద మళ్లీ నీళ్లు నడిపితే వచ్చేది చేదు నీళ్లు. దిగిన డికాక్షన్‌నే ట్యాంకులో పోసి మళ్లీ నడపడం ఇంకా తప్పు, నూనె గొట్టంలో మాడి ఆ కంపు నెలల తరబడి వదలదు. పాలు పోస్తే చెప్పనే అక్కర్లేదు.

చికోరీ ఇంకో తలనొప్పి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నియమం, ప్యాకెట్ మీద పాళ్లు రాసే ఉంటాయి, చదవండి. చికోరీ నీళ్లు తగలగానే ఉబ్బి మెత్తబడి జల్లెడ కళ్లు మూసేస్తుంది. స్టీలు ఫిల్టర్లో అది మనకి కావలసిందే, చుక్కచుక్కగా దిగి చిక్కబడుతుంది. మెషీన్‌లో మాత్రం పైనుంచి నీళ్లు ఆగవు కాబట్టి బుట్ట పొంగుతుంది. 20 శాతం దాకా మెషీన్ ఓర్చుకుంటుంది, 30 దాటితే గట్టు తుడుచుకోవడమే. వీలైతే చికోరీ లేని అరకు పొడి వాడండి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికాని గిరిజన సహకార సంస్థ అమ్ముతుంది, దాని ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య పండే ఆ గింజలోని సన్నటి పులుపు తెలియాలంటే పాలు లేకుండా, 600 మి.లీ.కి 35 గ్రాముల చొప్పున, పేపరు ఫిల్టర్‌తో ఒకసారి కాచి చూడండి.

మర ఆడించే కొట్లో ‘ఫిల్టర్‌కి’ అంటే బియ్యప్పిండి కన్నా కాస్త బరకగా ఆడిస్తారు. డ్రిప్‌కి అది మరీ మెత్తన. ‘మెషీన్‌కి, బొంబాయి రవ్వలా’ అని చెప్పండి. ఇంట్లో మిక్సీలో కొడితే దుమ్మూ రాళ్లూ కలిసి వస్తాయి. ఆపి ఆపి తిప్పి, టీ జల్లెడలో దుమ్ము జల్లించేస్తే సగం బాధ తప్పుతుంది. మన సముద్రపు తేమకి పొడి తెరిచిన ప్యాకెట్లో వారానికే ఉండ కడుతుంది. గాలి చొరబడని డబ్బాలో పెట్టి, 100, 200 గ్రాముల చొప్పునే తెచ్చుకోండి. రాత్రే పొడి వేసి పొద్దున ఆరింటికి తానే కాచే టైమర్ రకాలకి ఎక్కువ డబ్బు పెట్టొద్దు అనడం కూడా ఇందుకే. ఎనిమిది గంటలు తేమలో ఉన్న పొడికి వాసన పోతుంది. పైగా రాత్రి ఒక్కసారి కరెంటు పోతే చాలా మెషీన్లలో గడియారం సున్నాకొస్తుంది. మామూలు టక్కు స్విచ్ మెషీన్ కరెంటు రాగానే ఆపిన చోటినుంచి అందుకుంటుంది.

నీళ్ల విషయంలో ఈ ఊరు ఒకటి కాదు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి ఉన్న ఇంటికీ, తీరం పక్కన బోరు నీళ్ల అపార్ట్‌మెంటుకీ హస్తిమశకాంతరం. కాఫీకి నీటి టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మి.గ్రా.ల్లో) 75 నుంచి 250 మధ్య ఉండాలి, 150 దగ్గర బాగా కుదురుతుంది. బోరు నీళ్లయితే రుచి చప్పబడడమే కాదు, గొట్టంలో తెల్లటి సున్నం పేరుకుంటుంది. ఆర్వో నీళ్లు 30కి దిగిపోయి ఉంటే కాఫీకి ప్రాణం ఉండదు. ఆర్వోకి టీడీఎస్ స్క్రూ ఉంటే 100 దాటేలా తిప్పించండి. మెషీన్‌లో ఎలాగూ కాగుతాయి కదా అని తాగని నీళ్లు పోయకండి, అందులో నీళ్లు మరిగి నిలబడేది క్షణాలే.

సున్నం పట్టిందని తెలియడానికి గడియారం చాలు. కొత్తలో ఆరు నిమిషాలు పట్టింది తొమ్మిదయితే, గురగుర శబ్దం పెరిగితే, మూత పక్కనుంచి ఆవిరి తన్నితే, ట్యాంకు అడుగున నీళ్లు మిగిలిపోతే సున్నమే. లీటరు నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకుకి పట్టినన్ని పోసి, సగం నడిపి ఆపండి. అరగంట ఆగి మిగతా సగం నడపండి. తర్వాత ఉత్త నీళ్లు రెండుసార్లు. బోరు నీళ్ల ఇళ్లలో నెలకొకసారి, కుళాయి నీళ్లకి మూడు నెలలకొకసారి. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ దాని వాసన పోవడానికి నాలుగు విడతలు కడగాలి.

మెషీన్ వేడెక్కుతూ, ట్యాంకులో బుడగలొస్తూ, పొడి మీద మాత్రం చుక్క పడకపోతే వన్‌వే వాల్వులో నలకో సున్నపు పెళ్లో ఇరుక్కుంది. ప్లగ్గు తీసి, చల్లారాక, ఖాళీ మెషీన్ తలకిందులు చేసి అరచేత్తో తట్టండి, తర్వాత నిమ్మ ఉప్పు నీళ్లు. దీపం కూడా వెలగకపోతే వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది, నీళ్లు లేకుండా వేసిన మెషీన్లకి తరచు జరిగేది ఇదే. ఫ్యూజు ఖరీదు కొద్దిపాటిదే. మెకానిక్కు మాత్రం దాన్ని టంకం వేయకుండా క్రింపు చేయాలి, టంకం వేడికే కొత్త ఫ్యూజు కూడా పోతుంది. వాడాక మూత తెరిచి ఆరనివ్వండి, లేకపోతే బుట్టలో బూజు. వెచ్చగా ఉండే అడుగు భాగం చిన్న బొద్దింకలకి మహా ఇష్టం. నెలకోసారి తిరగేసి గాలి సందులు పొడి బ్రష్‌తో తుడవండి. బీచ్ వైపు కిటికీ ఉంటే ప్లేటు మీద పూత లేచి తుప్పు పట్టడమూ చూస్తారు, తడి జగ్గు దాని మీద పెట్టి వదిలేయకపోతే ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ఇక ఎవరికేది? ఇద్దరు ముగ్గురుండి పాల కాఫీ తాగే ఇంటికి 600 నుంచి 700 వాట్లు, 600 మి.లీ. ట్యాంకు, గాజు జగ్గు, నైలాన్ జల్లెడ. ఫిలిప్స్, మోర్ఫీ రిచర్డ్స్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి, టక్కు స్విచ్ ఉన్న సాదా రకం చాలు. పొద్దున ఒకరు, ఎనిమిదింటికి ఒకరు, తీరిగ్గా ఇంకొకరు లేచే ఇంటికి గాజు జగ్గు పనికిరాదు: ప్లేటు మీద అరగంట ఉంటే కాఫీ మాడు వాసనేస్తుంది. వాళ్లకి 1,000 వాట్లది, స్టీలు థర్మాస్ జగ్గుతో. ధర ఎక్కువే, కానీ గంట తర్వాత కూడా తాగేలా ఉంటుంది. చికోరీ డికాక్షన్ తప్ప ఇంకేదీ నోటికి ఎక్కని ఇంటికి డికాక్షన్ కోసమే అని అమ్మే చిన్న మెషీన్లున్నాయి, ప్రీతి లాంటి చెన్నై కంపెనీలవి. అవీ నచ్చకపోతే పాత స్టీలు ఫిల్టరే నయం, దానికి కరెంటూ అక్కర్లేదు.

బిల్లు కట్టేముందు ఒక్క ప్రశ్న: ‘ఈ జగ్గు విడిగా దొరుకుతుందా, ఎంత?’ అన్నిటికన్నా ముందు పగిలేది అదే, మామూలుగా గ్యారంటీ దానికి వర్తించదు, ఒక మోడల్ జగ్గు ఇంకోదానికి ఎత్తు చాలక డ్రిప్ స్టాప్‌ని నొక్కదు. కౌంటర్లో కుర్రాడు ‘ఆన్‌లైన్లో చూసుకోండి సార్’ అంటే ఫోను తీసి అక్కడే చూడండి. దొరక్కపోతే పక్క మోడల్ అడగండి.