లాంట్స్ బుల్డాగ్ కోసం జర్మనీ వెళ్తే: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

లాంట్స్ బుల్డాగ్ అంటే జర్మనీలో లాంట్స్ కంపెనీ ఒకప్పుడు చేసిన ట్రాక్టర్. దాన్ని చూసే యాత్రలో మొదటి పొరపాటు ట్రాక్టర్ మేళా పోస్టర్ దగ్గరే జరుగుతుంది. వనస్పతి ఏదైనా మనం డాల్డా అన్నట్టు, దక్షిణ జర్మనీ పల్లెల్లో ట్రాక్టర్ ఏదైనా బుల్డాగే. ‘బుల్డాగ్ ట్రెఫెన్’ (బుల్డాగ్ మేళా) అని ఉంది కదా అని మూడు రైళ్లు మారి వెళ్తే, అక్కడ ఫెంట్, డాయిట్స్, ఐషర్ బళ్లు బారులు తీరి ఉంటాయి. లాంట్స్ ఒక్కటి కూడా లేకపోవచ్చు. అందుకే నిర్వాహకులకు ముందే రాసి రెండు సంగతులు కనుక్కోవాలి: లాంట్స్ బళ్లు వస్తున్నాయా, బ్లోలాంప్‌తో (మంట చిమ్మే దీపంతో) ఇంజన్‌ను వేడిచేసి స్టార్ట్ చేసే ప్రదర్శన ఏ వేళకు? ప్రదర్శనను వాళ్లు ‘ఫోర్‌ఫ్యూరుంగ్’ అంటారు.

మకాం మన్‌హైమ్‌లో పెట్టుకోవడం మేలు. హైన్‌రిష్ లాంట్స్ 1859లో వ్యాపారం మొదలుపెట్టిన ఊరు ఇదే. రైల్వే స్టేషన్‌కు దక్షిణాన లిండెన్‌హోఫ్ వైపు ఉన్న ఆ పాత కర్మాగారం నుంచి నేటికీ ట్రాక్టర్లు వస్తున్నాయి, కాకపోతే జాన్ డీర్ పేరుతో. ఆ కంపెనీ 1956లో లాంట్స్‌ను చేతిలోకి తీసుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి ఐసీఈ అనే వేగ రైల్లో సుమారు అరగంట. నగరం నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. గళ్లుగా విడదీసిన ఇళ్ల సముదాయాలకు అక్షరమూ అంకెలే. హోటల్ చిరునామాలో ‘ఎన్ 7’ అని ఉంటే అది గది నంబరు కాదు, వీధి గడి. ఏప్రిల్ చివర మొదలయ్యే మైమార్క్‌ట్ సంత రోజుల్లో గదులు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. హైడెల్‌బర్గ్‌లో బస చేస్తే ఊరు అందంగా ఉంటుంది నిజమే, కానీ ట్రాక్టర్ల కోసం వచ్చినవాళ్లు ఆ అందానికి అదనంగా చెల్లించాల్సిన పనిలేదు.

మన్‌హైమ్‌లోని టెక్నోసేయుమ్‌కు ట్రాములో వెళ్లొచ్చు. లూయిజెన్‌పార్క్ స్టాపులో దిగితే ఎదురుగానే. ఈ ప్రాంతపు పరిశ్రమలు ఎలా పెరిగాయో చూపించే మ్యూజియం అది. బుల్డాగ్ ఒక్కదాని కోసమే అయితే ఒక పూట చాలు.

అసలు సరుకు జిన్స్‌హైమ్ ఊళ్లోని టెక్నిక్ మ్యూజియంలో ఉంది. హైడెల్‌బర్గ్ నుంచి ఎస్5 రైలెక్కి ‘మ్యూజియం/అరేనా’ స్టేషన్‌లో దిగాలి, తర్వాత నడకే. ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం కనుక మ్యాచ్ రోజున రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. టికెట్ కొనేముందు మ్యాచ్‌ల పట్టిక చూసుకోవాలి. కారులో వచ్చేవాళ్లకు మ్యూజియం హోటల్ అనుకూలం. రైలు ప్రయాణికులకు సాయంత్రమయ్యాక అక్కడ చేసేదేమీ ఉండదు. ష్పేయర్‌లో దీని జోడు మ్యూజియం ఉంది, కానీ అక్కడి ఆకర్షణ బోయింగ్ 747, బురాన్ వ్యోమనౌక. ట్రాక్టర్ల వాళ్లు దాన్ని వదిలేసినా నష్టం లేదు.

జిన్స్‌హైమ్ హాల్లో బండి ముందుకెళ్లి దాని ముక్కు చూడండి. ముందు ఇరుసు పైన పొడుచుకొచ్చిన ఆ ఇనుప గుబ్బే హాట్ బల్బ్, అంటే వేడెక్కి ఇంధనాన్ని అంటించే భాగం. బుల్డాగ్ అనే పేరు కూడా ఆ మొహం చూసి వచ్చిందే. లాంట్స్ ఇంజనీరు ఫ్రిట్స్ హూబర్ రూపొందించిన మొదటి మోడల్ హెచ్ఎల్ 1921లో వచ్చింది: ఒకే సిలిండర్, టూ స్ట్రోక్, 6.2 లీటర్లు, 12 హార్స్‌పవర్. రివర్స్ గేరు లేదు. వెనక్కి పోవాలంటే ఇంజన్నే ఉల్టా తిరిగేలా చేసి నడిపేవారు. తర్వాతి పెద్ద బళ్లలో బోర్ (సిలిండర్ వ్యాసం) 225 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 260 మి.మీ., అంటే 10.3 లీటర్లు. పిస్టన్ నెత్తి అన్నం తినే కంచమంత ఉంటుంది. బల్బ్ కనబడకుండా, పెట్రోలుతో అంటుకునే రకాలు 1950ల నాటివి. వాటిని చిన్నచూపు చూసేవాళ్లున్నారు గానీ, చలికాలం పొద్దున్నే పొలానికి పోవాల్సిన రైతుకు అవే నయం.

అయితే ఆగి ఉన్న బుల్డాగ్‌ను చూస్తే సగమే చూసినట్టు. స్టార్ట్ చేసేటప్పుడు బల్బ్ కింద బ్లోలాంప్ పెట్టి, మసక ఎరుపు తేలేదాకా పది నిమిషాలో ఇంకాస్తో కాల్చాలి. స్టీరింగ్ చక్రాన్ని కడ్డీతో సహా ఊడదీసి ఫ్లైవీల్‌లో గుచ్చి, కంప్రెషన్‌కు ఎదురుగా అటూ ఇటూ ఊపుతారు. ఇంధనం అంటుకున్న క్షణంలో ఫ్లైవీల్ చేతిని తన్నేస్తుంది. పట్టు వదలనివాడి మణికట్టుకు గ్యారంటీ లేదు. బల్బ్ చాలినంత వేడెక్కకుండా తొందరపడితే తెల్లటి పొగ తప్ప ఏమీ రాదు. చాలాసేపు ఊరికే ఐడిల్‌లో వదిలేసినా బల్బ్ చల్లారి ఇంధనం సరిగా అంటుకోక ఇంజన్ తడబడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఈ ఇంజన్ ఎటువైపైనా తిరుగుతుంది. ఉల్టా తిరుగుతున్న సంగతి గమనించక ముందు గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక్కి దూకుతుంది. ఫొటో కోసం బండికి ముందూ వెనకా కాకుండా, పక్కకు నాలుగైదు గజాల దూరాన నిలబడాలి. పొగగొట్టంలోంచి మసి, కాలని నూనె చినుకులు పడతాయి కాబట్టి తెల్లచొక్కా వద్దు. నిదానంగా తిరుగుతున్నప్పుడు ఒక్కో దెబ్బకు ముందు చక్రాలు రెండూ ఎగిరిపడుతుంటాయి, మడ్‌గార్డు అంచు రెండు గీతలుగా కనిపిస్తుంది. వీడియో తీసేవాళ్లు కెమెరాను బండికి ఆనించకూడదు.

రోజు మిగిలితే ష్టుట్‌గార్ట్ పక్కన హోహెన్‌హైమ్‌లోని వ్యవసాయ మ్యూజియం చూడొచ్చు. యూ3 ట్రామ్ చివరి స్టాపు ప్లీనింగెన్‌లో దిగాలి. సోమవారం సెలవు. మిగతా రోజుల వేళలు కూడా బయలుదేరే ముందు సరిచూసుకోవాలి. నలుగురైదుగురు కలిసి వెళ్తే బాడెన్-వుర్టెమ్‌బర్గ్ రాష్ట్రపు రైలు డే టికెట్ చవక. కానీ పనిదినాల్లో అది ఉదయం 9 దాటాకే చెల్లుతుంది, ఐసీఈలో అసలు చెల్లదు.

మేళాల్లో పాత సామాన్ల అంగళ్లు కూడా ఉంటాయి, డబ్బు యూరో నోట్లలోనే తీసుకెళ్లాలి. బల్బ్ కొనేవాళ్లు దాన్ని చిన్న సుత్తితో తట్టి చూడాలి: గంటలా మోగితే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది.