మద్దిలపాలెంలో గణాంక సలహా సేవ: పరీక్ష పేరు కన్నా ముందు తొట్ల లెక్క

వెనామీ రొయ్యల మేతలో నాలుగు రకాల మూలికల పొడులు కలిపి, ఏ మేతతో రొయ్య ఎక్కువ బరువు తూగుతుందో తేల్చడానికి చేసిన ప్రయోగం ఫలితాలను పట్టుకుని, గత నెలలో విశాఖపట్నంలోని మద్దిలపాలెం కూడలి దగ్గరున్న ఒక గణాంక సలహా కేంద్రానికి వెళ్లాను. నాలాంటి పరిశోధక విద్యార్థులకు అక్కరకు వస్తుందని ఆ సేవ గురించి రాస్తున్నాను.

అంతకుముందు నగరంలోనే మరొక చోట ఇదే పనికి డబ్బు కట్టి నష్టపోయాను. కంట్రోల్‌తో (పొడి కలపని మామూలు మేత గుంపుతో) కలిపి ఉన్న ఐదు గుంపులను రెండేసి చొప్పున జతచేసి, వాళ్లు పది టీ-టెస్టులు (రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్షలు) చేసి, పి-విలువ 0.05 కన్నా తక్కువ వచ్చిన ప్రతిచోటా, తేడా నిజమైనదే అన్నట్టు నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చారు. ఒక్కో పరీక్షలో 5 శాతం పొరపాటుకు చోటిస్తే, పదీ స్వతంత్ర పరీక్షలైన పక్షంలో, మేతల మధ్య తేడాయే లేకపోయినా ఎక్కడో ఒకచోట ఉన్నట్టు కనిపించే అవకాశం 40 శాతం. ఇక్కడ అవే గుంపులు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి అది కొంత తగ్గుతుంది గానీ, 5 శాతానికి దరిదాపుల్లో మాత్రం ఉండదు.

మద్దిలపాలెంలో నా పని చూసిన మేడమ్ గారు కంప్యూటర్ తెరవలేదు. తెల్లకాగితం మీద తొట్టికి ఒకటి చొప్పున పదిహేను గళ్లు గీసి, "మేత రొయ్యకు వేశారా, తొట్టికి వేశారా అమ్మా?" అని అడిగారు. తొట్టికి ముప్పై చొప్పున 450 రొయ్యలను తూచిన నేను అన్ని నమూనాలు ఉన్నాయనే నమ్మకంతో వెళ్లాను. ఒకే తొట్టిలోని రొయ్యలు ఒకే నీటిని, ఒకే మేతను పంచుకుంటాయి కనుక ప్రయోగ యూనిట్ తొట్టే అవుతుందనీ, నా దగ్గర ఉన్నవి పదిహేను పరిశీలనలేననీ ఆవిడ ఓపికగా చెప్పారు. దాంతో దోషపు స్వేచ్ఛాంశాలు (యాదృచ్ఛిక తేడాను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర సమాచారం లెక్క) 445 నుంచి 10కి పడిపోయి, తేడా ఉందనడానికి 5 శాతం స్థాయిలో దాటవలసిన ఎఫ్ విలువ (గుంపుల మధ్య తేడాకూ గుంపుల లోపలి తేడాకూ ఉన్న నిష్పత్తి) సుమారు 2.4 నుంచి 3.48కి పెరిగింది. పాత నివేదికలో నాలుగు మేతలకూ ఉన్న నక్షత్రాల్లో చివరికి ఒక్కటే మిగిలింది. బాధ కలిగినా, సిద్ధాంత గ్రంథంలో రాయదగినది ఆ ఒక్కటే.

తొట్ల సగటుల మీద అనోవా (అన్ని గుంపుల సగటులను ఒకేసారి పోల్చే పద్ధతి) చేసి, నా ప్రశ్న కంట్రోల్‌తో పోలికే కాబట్టి నాలుగు పోలికలకు, అందుకోసమే ఉన్న డనెట్ పరీక్షను ఎంచుకున్నారు. మేతలను తమలో తాము పోల్చాలంటే టుకీ పరీక్ష వాడేవారట. విలువలకు బదులు వాటి ర్యాంకులను పోల్చే క్రస్కల్-వాలిస్ పరీక్ష సంగతి అడిగితే, గుంపుకు మూడే తొట్లున్నప్పుడు దానికి తేడాను పట్టే బలం తక్కువనీ, సామాన్య వితరణను (గంట ఆకారపు విస్తరణను) ముడి బరువుల్లో కాక అవశేషాల్లో, అంటే గుంపు సగటు తీసేయగా మిగిలే తేడాల్లో చూడాలనీ వివరించారు. ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితం చదువుకున్న ఊరిలో ఇంత శ్రద్ధ దొరకడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

లోపాలూ ఉన్నాయి. బతికిన రొయ్యల శాతాలను ఆర్క్‌సైన్ మార్పిడితో (శాతాలను అనోవాకు అనువుగా మార్చే పాత పద్ధతితో) త్వరగా ముగించారు; తొట్టిని లెక్కలోకి తీసుకుంటూ, బతకడం-చావడం లాంటి రెండే ఫలితాలున్న చోట వాడే లాజిస్టిక్ నమూనా అక్కడ మేలని నా అభిప్రాయం. విశ్లేషణకు ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో రాసిన కోడ్‌ను అడిగితే గానీ ఇవ్వలేదు. రుసుము 3,000 రూపాయలు, నివేదికకు నాలుగు రోజులు పట్టింది.

రెండో విడత ప్రయోగానికి తొట్లు నింపకముందే అక్కడికి వెళ్తున్నాను. పందిరి నీడ పడే వరుసను ఒక బ్లాకుగా (ఒకే రకం పరిస్థితులున్న తొట్ల గుంపుగా) తీసుకోవాలని ఆవిడ గీసిచ్చిన చీటీ నా నోటుపుస్తకంలోనే ఉంది.