ఊరు కదల్లేనప్పుడు పీహెచ్‌డీనా, సైడీనా?

అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేయాలనుంది, కానీ ఇల్లూ పిల్లలూ ఉన్న ఊరు వదల్లేరు. అప్పుడు పరిశోధన ప్రధానమైన పీహెచ్‌డీ, థెరపీ శిక్షణ ప్రధానమైన సైడీ (PsyD) డాక్టరేట్‌లలో ఏది మేలు?

ఖర్చు: పీహెచ్‌డీలో చాలాచోట్ల ఫీజు మాఫీ, పైగా స్టైపెండ్. సైడీలో ఎక్కువ మంది లోన్‌తోనే చదువుతారు.

సీటు: అసలు చిక్కు ఇక్కడే. పీహెచ్‌డీలో ఒక్కో ప్రొఫెసర్ తన పరిశోధన అంశానికి సరిపడేవాళ్లను ఏడాదికి ఒకరిద్దరినే తీసుకుంటారు, కొన్నేళ్లు అసలు తీసుకోరు. దగ్గర్లోని యూనివర్సిటీలో అందరూ పిల్లల ఆందోళన మీద పనిచేస్తూ, మీకేమో వృద్ధుల మతిమరుపు మీద ఆసక్తి ఉంటే, ఎంత మంచి మార్కులున్నా కష్టమే. సైడీ బ్యాచ్‌లు సాధారణంగా పెద్దవి, ఈ పట్టింపూ తక్కువే.

శ్రమ: పీహెచ్‌డీకి ముందే ల్యాబ్ అనుభవం కావాలి. సైడీకి క్లినికల్ అనుభవం బలం.

రిస్క్: రెండింటిలోనూ చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్. ఎవరికి ఎక్కడ అని కేటాయించే ‘మ్యాచ్’ దేశమంతటికీ ఒకటే కాబట్టి ఆ ఏడాది ఊరు మారాల్సి రావచ్చు. ఇంట్లో ఈ మాట ఇప్పుడే మాట్లాడుకోండి. దగ్గరుంది కదా అని ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లో మాత్రం చేరకండి, లైసెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

పరిశోధన ఇష్టమై, ఊళ్లోనే తగిన ప్రొఫెసర్ ఉంటే పీహెచ్‌డీ. ఆయన వచ్చే ఏడాది తీసుకుంటానంటే ఆగినా నష్టం లేదు. థెరపీయే లక్ష్యమై, అప్పు తీర్చే లెక్క తేలితే సైడీ.