బొబ్బిలి దగ్గర వీణ శిబిరం: ఎండకు కరిగిన మేళం

మొన్న మే రెండో వారంలో అత్తయ్యా నేనూ హైదరాబాదు నుంచి బొబ్బిలి వైపు ఒక పల్లెలో జరిగిన నాలుగు రోజుల తీగ వాద్యాల శిబిరానికి వెళ్లొచ్చాం. శిబిరం పేరు రాయను. వీణ పట్టుకుని ప్రయాణం చేసే ఎవరికీ మాకు జరిగింది జరగకూడదని మాత్రం ఇది రాస్తున్నాను.

అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. ఆ పేర్లు ఎత్తితే అత్తయ్య ఇప్పటికీ సర్దుకుని కూర్చుంటారు. ఆవిడ వీణ పెళ్లికి వాళ్ల నాన్నగారు కొనిచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన ఏకాండి వీణ. కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి, ఎక్కడా అతుకు ఉండదు. నలభై ఆరేళ్లుగా ఇంట్లో దాన్ని ఆవిడ తప్ప ఎవరూ ఎత్తరు. శిబిరం గొల్లపల్లికి దగ్గరే అని తెలిసి, మోకాళ్ల నొప్పులతోనే బయల్దేరారు.

మనిషికి 7,500 కట్టాం. విజయనగరం స్టేషన్ నుంచి వ్యాన్‌కు ఇంకో 600. రాత్రి రైలు హాయిగా గడిచింది, వీణకు కింద బెర్తు ఇచ్చి నేను పైన పడుకున్నాను.

గొడవంతా వ్యాన్ దగ్గర మొదలైంది. పదిన్నరకు రావాల్సింది పన్నెండుకు వచ్చింది. లోపల పన్నెండు మందిమి. వీణలన్నీ పైన క్యారియర్ మీద పెట్టి, నల్ల టార్పాలిన్ కప్పి తాడు బిగించారు. వీణను ఒళ్లో పెట్టుకుంటానని అత్తయ్య రెండుసార్లు అడిగారు. "జాగా లేదండీ, గంటన్నరలో దిగిపోతాం" అన్నాడు నిర్వాహకుల కుర్రాడు. దారిలో వాళ్లు భోజనానికి ఆగారు, నలభై నిమిషాలు. బండి ఎండలోనే ఉంది.

వీణ మెట్లు మేకులతో బిగించినవి కావు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, దండి అనే పొడుగు భాగం మీద రెండు వైపులా గట్టులాగా పోసి, ఇరవై నాలుగు మెట్లను అందులో నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటాం. స్వరం ఎక్కడ పలకాలో అంతా ఆ మైనంలోనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, నల్ల టార్పాలిన్ కింద ఆ మైనం ఏమవుతుందో వీణ శిబిరం నడిపేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దిగి గుడ్డ విప్పేసరికి తారస్థాయి, అంటే పై స్వరాల వైపు ఐదు మెట్లు ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. మిగతావి లోపలికి దిగాయి. మైనం ఒకచోట దండి పక్కనుంచి కారి గుడ్డకు అంటుకుంది. అత్తయ్య ఏమీ అనలేదు. వేలితో మొదటి తీగ సారణిని ఒకసారి మీటి, చెయ్యి తీసేశారు. నిర్వాహకుడు వచ్చి, "అందరి సామానూ పైనే పెట్టాం కదమ్మా" అన్నాడు. "సామానా?" అన్నారు అత్తయ్య. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

రిపేరు ఖర్చు ఇవ్వమని అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు: వాద్యాల బాధ్యత వాటి యజమానులదే. బాధ్యత మాదే అయితే ఒళ్లో పెట్టుకోనివ్వాల్సింది. ఇంకో ఇద్దరి వీణలు కూడా పాడయ్యాయి. వాళ్లు పిల్లలు, నోరెత్తలేదు.

గదుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇద్దరికో గది అన్నారు, నలుగురిని పెట్టారు, రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. అది నాకు పట్టింపు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని గొల్లపల్లి వెళ్లాం. రానూపోనూ 300. తరతరాలుగా సర్వసిద్ధి వారి కుటుంబాలు ఇక్కడ వీణలు చేస్తున్నాయి, బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాకిట్లో తొలిచి ఆరబెట్టిన పనస కుండలు బోర్లించి ఉన్నాయి. పక్కన బొమ్మ వీణలు, బహుమతులకు ఇచ్చే రకం. వాటికే ఎక్కువ గిరాకీ అని చెప్పారు.

ఒక పెద్దాయన వీణను చాప మీద పడుకోబెట్టి, వీణ చివర ఉండే యాళి, అంటే సింహంలాంటి జంతువు, ముఖం మీద చెక్కడం తడిమి చూశాడు. "ఇది మా ఊరి పనేనమ్మా" అన్నాడు. తర్వాత మైనం చూసి, "ఏటమ్మా, ఎండలో ఎట్టేసినారేటి?" అని నొచ్చుకున్నాడు. తిట్టలేదు. అంతదాకా బిగబట్టిన అత్తయ్య అక్కడ ఏడ్చారు. ఆయన ఆవిడకు మంచినీళ్లు ఇప్పించి, పని మొదలుపెట్టాడు.

పాత మైనం గీకేసి, ఒక్కో కంచు మెట్టూ తీసి తుడిచి వరసలో పేర్చాడు. కొత్త మైనం వేడిచేసి గట్లు పోశాడు. ఒక్కో మెట్టూ నిలబెట్టి, తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి చూశాడు. ట్యూనర్ లేదు, ఫోన్ లేదు. గాంధారం దగ్గర అత్తయ్య "కొంచెం పైకి" అన్నారు. ఆయన విని, ఒప్పుకుని జరిపాడు. ఇంకోచోట ఆయన మాటే నెగ్గింది. మేళం గట్టిపడేదాకా కదపొద్దని, మర్నాడు సాయంత్రం రమ్మన్నాడు. మేళానికి 2,800, కొత్త తీగలకు 350. నేను ఇంకో 500 ఇవ్వబోతే తీసుకోలేదు.

శిబిరంలో బాగున్నవీ చెప్పాలి. అక్కడ మైకు పెట్టరు. ఈ మధ్య వీణకు కాంటాక్ట్ మైకు తగిలించి వినడం అలవాటైపోయి, దాని అసలు గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయాం. తెల్లవారుజామున అరుగు మీద పదమూడు వీణలు ఒకేసారి తానం, అంటే తాళం లేకుండా లయతో సాగే రాగం, పట్టాయి, ఏడు వయొలిన్లు ఆధార శ్రుతి ఇచ్చాయి. ముందుకు వంగి వినాల్సి వచ్చింది, అయినా అన్నిటికన్నా కింది స్థాయి తీగ, అనుమంద్రం, గుండెలో మోగింది. నేర్పిన మాస్టారికి నా నమస్కారం, వ్యాన్‌తో ఆయనకు సంబంధం లేదు.

వంటావిడకూ నమస్కారం. పొద్దున చోడంబలిలో, అంటే రాగి అంబలిలో, పచ్చి ఉల్లిపాయ. మూడో రోజు రాత్రి ఆవ పెట్టిన పనసపొట్టు కూర. అప్పటికి వీణ తిరిగొచ్చింది. అత్తయ్య మారు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, పదింటి దాకా వాయించారు. కొత్త తీగలు నిలవక మాటిమాటికీ శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది, విసుక్కోలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట. మే నెలలో వీణతో అసలు కదలొద్దు, డిసెంబరు, జనవరి మంచిది. క్యారియర్ మీదా డిక్కీలోనూ పెట్టనివ్వకండి. మాలాంటివాళ్లు ముగ్గురు కలిస్తే విజయనగరం నుంచి సొంతంగా కారు మాట్లాడుకోండి, మాకు తిరుగు ప్రయాణంలో 2,200 అయింది, వీణ వెనక సీట్లో పడుకుంది. గొల్లపల్లి చూడ్డానికి ఏ శిబిరంలోనూ చేరక్కర్లేదు. బొబ్బిలిలో దిగి ఆటోలో వెళ్లొచ్చు.

రిపేరు డబ్బు కోసం ఇద్దరు పిల్లల తరఫున కూడా కలిపి ఉత్తరం రాశాను. మూడు వారాలైంది, జవాబు లేదు. అత్తయ్య మాత్రం వీధి చివర వడ్రంగికి కొలతలు ఇచ్చి, లోపల దూది పరిచిన చెక్కపెట్టె చేయిస్తున్నారు.