మ్యాజిక్ డెక్కులకు లైఫ్‌తో వేలంపాట: బాగున్నదెక్కడ, బెడిసేదెక్కడ

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటకు వేలం కొత్త కాదు. 1996 నాటి మిరాజ్ సెట్‌లోని ‘ఇల్లిసిట్ ఆక్షన్’, 2000లో వచ్చిన ఇన్వేషన్‌లోని ‘మేజెస్ కాంటెస్ట్’ లైఫ్‌తోనే (సున్నా అయితే ఓడిపోయే పాయింట్లు) పాట పాడిస్తాయి. మేం చాలాకాలంగా ఆడుతున్నది మాత్రం ఆట మొదలుకాకముందే డెక్కుల (ఒక్కొక్కరు ఆడే కార్డుల కట్టల) మీద జరిగే పాట. బాలాపూర్ లడ్డూ పాట పైకి పోతుంది, ఇది కిందికి దిగుతుంది.

నలుగురుంటే నాలుగు డెక్కులు, కార్డుల జాబితాలతో సహా పరచాలి. ఒక్కో డెక్‌కు పాట మామూలు ఆరంభ లైఫ్ అయిన 20 దగ్గర మొదలు. అందరికంటే తక్కువ లైఫ్‌తో ఆడతానన్నవాళ్లకు డెక్ దక్కుతుంది, వాళ్లు పాట నుంచి తప్పుకుంటారు. చివరివాళ్లకు మిగిలింది 20కే వస్తుంది. అందుకే నాలుగూ సమానంగా ఉంటే ఎవరూ నోరు విప్పరు. ఒకటి ఖాయంగా బలమైనది, ఒకటి ఖాయంగా బలహీనమైనది ఉండాల్సిందే. ఐదో డెక్ పెట్టారో, పోటీ చప్పబడుతుంది.

ప్రతి లైఫ్‌కూ ఒకే విలువ లేదు. ఎదుట ఎర్ర డెక్ ఉందనుకోండి. అందులోని లైట్నింగ్ బోల్ట్ అనే కార్డు ఒక్కో దెబ్బకు 3 లైఫ్ తీస్తుంది. 20 లైఫ్‌కు ఏడు బోల్టులు కావాలి, 18కి ఆరు. 17కీ 16కీ కూడా ఆరే. అంటే 18 దాకా దిగినవాళ్లు 16 అనడానికి జంకక్కర్లేదు, 15 అనేముందు మాత్రం ఆగాలి. రంగులు సమకూర్చే ఫెచ్ ల్యాండ్ 1, షాక్ ల్యాండ్ 2, ఎదుటివాళ్ల చేతిలోని కార్డు పారేయించే థాట్‌సీజ్ 2 చొప్పున వాడినవాళ్ల లైఫే తినేస్తాయి కాబట్టి మూడు రంగుల డెక్‌కు పాడేటప్పుడు ఆ ఖర్చు ముందే తీసేసుకోవాలి.

ఈ పద్ధతిని నిలువునా ముంచేది డెత్స్ షాడో అనే కార్డు. ఒక్క నల్ల మానా (కార్డు ఆడేందుకు కట్టే శక్తి) ఖర్చుకు 13/13 (దెబ్బ 13, తట్టుకునే బలం 13) జీవి, మన లైఫ్ ఎంతుంటే అంత తగ్గుతుంది. 8 లైఫ్‌కు పాడుకున్నవాళ్లకు మొదటి టర్న్‌లోనే 5/5 దిగుతుంది! తగ్గించుకున్నందుకు బహుమానం అన్నమాట. ఆ కార్డున్న డెక్‌కు లైఫ్ 20 దగ్గరే ఉంచి, ఎన్ని చేతి కార్డులతో మొదలుపెడతారన్నదాని మీద పాట పెట్టండి, లేదా పక్కన పెట్టేయండి.

చేతి కార్డుల పాట ఘాటైనది. ఏడు నుంచి ఆరుకు దిగడమే పెద్ద దెబ్బ, ఐదుకు దిగితే చాలా డెక్కులు లేవవు. ఇక్కడే తగాదాలు కూడా. ఆరుకు పాడినవాళ్లు మలిగన్ చేస్తే (నచ్చని చేతిని కట్టలో కలిపేసి కొత్తగా తీసుకుంటే) మళ్లీ ఆరు తీసి ఒకటి అడుగున పెట్టాలి, ఏడు తీయకూడదు. ఇది పాటకు ముందే రాసుకోండి. మూడు ఆటల మ్యాచ్ అయితే మూడింటికీ అదే పాట వర్తిస్తుందనీ రాసుకోండి.

కమాండర్ అనే రకం ఆటకు (ఇందులో ఒక్కొక్కరికీ కమాండర్ అనే నాయక కార్డు ఉంటుంది) ఇది నప్పలేదు. 40 లైఫ్‌లో ఐదారు తగ్గినా చురుకు తగలదు. పైగా ఒకే కమాండర్ చేతిలో పోరాటంలో 21 డ్యామేజీ తింటే లైఫ్ ఎంతున్నా ఓటమే. 3 చొప్పున దించుతూ పాడినా పెద్దగా తేడా లేదు.