మీటింగులో మాట మనిషి మీదికి మళ్లితే ఏది మేలు: ఆపడమా, వాయిదానా, బోర్డు మీద రాయడమా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్లమే. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్న రోజుల్లో, నీళ్ల ఖర్చు ఫ్లాటుకింత అని పంచుకోవాలా, మీటర్లు పెట్టించుకోవాలా అని సెల్లార్‌లో కూర్చున్నాం. పది నిమిషాల్లో మీటర్ల ఊసే పోయింది. "మీరు రోజూ కారు కడిగిస్తారు, నీళ్ల విలువ మీకేం తెలుసండీ!" అంది మూడో అంతస్తు ఆవిడ. "అద్దెకుండేవాళ్లు మాకు చెప్పొచ్చారా?" అంటూ పెద్దాయన లేచారు.

అప్పటికప్పుడు ఆపేయడం చట్టసభల పద్ధతి. తోటి సభ్యుడికి దురుద్దేశాలు అంటగట్టకూడదని లోక్‌సభ 352వ నియమం చెబుతుంది. మన అసెంబ్లీలో "అధ్యక్షా" అని మొదలుపెట్టడంలోనూ మేలుంది: ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మూడో మనిషితో మాట్లాడతారు, వేడి తగ్గుతుంది. కానీ మా ప్రెసిడెంటు స్పీకరు కాదు, పక్కింటాయన. ఎవర్ని ఆపితే వాళ్లకి "నన్నే ఎందుకన్నారు?" అన్న బాధ మిగులుతుంది.

వాయిదా నాకు నచ్చదు. చెయ్యి లేచే దాకా వస్తే తప్పదు. అంత దాకా రాకుండానే వాయిదా వేస్తే గొడవ లిఫ్టులోకి, పార్కింగులోకి పాకుతుంది, పొద్దున్నే ట్యాంకరు డబ్బులు మాత్రం కట్టాల్సిందే.

ఆ రోజు మా సెక్రటరీ మూడో దారి పట్టారు. ఎవర్నీ ఏమీ అనకుండా మార్కర్ తీసుకుని బోర్డు మీద రాశారు: "1. కార్లు కడగడం ఆపాలా? 2. అద్దెకున్నవాళ్లకు ఓటుందా?" తిట్లలో ఉన్న అసలు విషయాలు ఆ రెండే. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ఆ నెలలోనే ప్రకటించింది కాబట్టి మొదటిదాని మీద పెద్దాయన కూడా కాదనలేదు. మాట అన్నవాళ్ల బాధ వినబడింది, పడ్డవాళ్ల పరువూ పోలేదు. అందుకే నా ఓటు దీనికే.

ఒక్కచోట మాత్రం ఇది పనిచేయదు. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం నిజం తేల్చుకునే మాటని వాదం అంది, గెలవడానికే చేసేదాన్ని జల్పం అంది, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడాన్ని వితండం అంది. "మరి మీరేం చేద్దామంటారు?" అని అడిగితే జవాబు రాని మనిషి విషయంలో బోర్డు మీద రాయడానికి ఏమీ ఉండదు. అలాంటివారితో మీటింగయ్యాక, కాఫీ చేతికిచ్చి, విడిగా మాట్లాడటమే మంచిది.

ఆ రాత్రి మీటర్లకి ఓటు పడింది. రెండో ప్రశ్న తేలలేదు, తర్వాతి మీటింగు అజెండాలో మొదటి అంశంగా రాసుకున్నాం.